మూడింటి ఫ్లైట్

"ఐదొందల కిలోమీటర్లు మేడం. గంటా పది నిమిషాలు. బెల్టు పెట్టుకుని, వాళ్ళిచ్చిన నీళ్ళు తాగి, సీసాకు మూత పెట్టేలోపు వైజాగ్ వస్తది. దీనికి ట్రైనెందుకు?"

"నాకు ట్రైనే కావాలండీ."

"పన్నెండు గంటలు కూసుంటరా?"

"కూర్చోను. పడుకుంటాను."

"కంపెనీ ఫ్లైట్ టికెట్ ఇస్తుంటే వద్దన్న మనిషిని నా సర్వీసుల ఇప్పుడే చూస్తున్న."

"చూశారుగా. ఇంక బెర్త్ బుక్ చేయండి. లోయర్."

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద నోయెల్, సోఫియా మొదటిసారి మాట్లాడుకున్న మాటలివి. మాట్లాడుకున్నారు అనడం కంటే పోట్లాడుకున్నారు అనడమే న్యాయం. నోయెల్ జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా కంపెనీకి ప్రొడక్షన్ మేనేజర్. పుట్టింది, పెరిగింది యూసుఫ్‌గూడలో. ఎవరు ఏ ఊరికి ఏ విమానంలో వెళ్ళాలి, ఎవరికి ఏ కారు రావాలి అనేదంతా అతని నెత్తి మీదే. సోఫియా వైజాగ్ పిల్ల. తెర మీద హీరోయిన్ పెదవులు కదిలితే వినపడే గొంతు ఆమెది. నోయెల్ కంపెనీ సినిమా ఫంక్షన్ వైజాగ్‌లో పెట్టారు, గొంతిచ్చిన అమ్మాయిని కూడా పిలిచారు. గొడవంతా అక్కడ మొదలైంది.

"భయమా?" అన్నాడు నోయెల్, టికెట్ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"అలవాటు లేదు," అంది సోఫియా. పచ్చి అబద్ధం. భయమే.

ఆమె జన్మలో ఒక్కసారి విమానం ఎక్కింది. మొదటి డబ్బింగ్ టెస్ట్ కోసం వైజాగ్ నుంచి హైదరాబాద్ వస్తూ. తుఫాను రోజులు. దీపాలు కనపడేదాకా దిగిన విమానం ఉన్నట్టుండి మళ్ళీ పైకి లేచింది. ఇంకోసారి దిగి, ఇంకోసారి లేచింది. పక్క సీటు పెద్దావిడ సోఫియా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. మూడోసారికి దిగారు. ఆవిడ నవ్వుతూ చెయ్యి వదిలేసి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది గానీ, సోఫియా కడుపులో ఆ విమానం ఇంతవరకూ దిగలేదు. ఆ తర్వాత ఎయిర్‌పోర్ట్ వైపు దారి కనిపించినా ఆమెకి అరచేతులు చెమటలు పట్టేవి.

ఆ సంగతి నోయెల్‌కి ఆర్నెల్ల తర్వాత గానీ చెప్పలేదు. అప్పటికి "అండీ" పోయి "నువ్వు" వచ్చింది. మేడం పోయి సోఫీ వచ్చింది. ఇద్దరూ ఒకే చర్చికి, వేర్వేరు ఆరాధనలకి వెళ్తున్నారని తెలిసి, నోయెల్ ఉదయం నిద్ర మానుకుని ఆమె ఆరాధనకి మారాడు. అంతకంటే రుజువేం కావాలి?

సోఫియాకి ఒక జబ్బుంది. తెర మీద పెదవికి మాట తప్పకుండా అతికించే మనిషి, బయట మాత్రం ఎక్కడికీ టైముకి రాదు. తక్కువలో తక్కువ గంట లేటు. నోయెల్ ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు.

ఒకరోజు హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అతనికి ఫోనొచ్చింది. "హీరో సార్‌కు పొద్దుగాల ఐదింటికి ఫ్లైట్ అని చెప్పు," అని పెట్టేశాడు. టేబుల్ మీది టికెట్‌లో ఆరు అని ఉంది.

"తప్పు చెప్పావ్," అంది సోఫియా.

"తప్పు కాదు. సినిమావాళ్ళకు ఎప్పుడైనా గంట ముందు చెప్పాలె. ఆరంటే ఏడింటికి వస్తరు. ఐదంటే ఆరింటికి వస్తరు. మా గురువు నేర్పిన మొదటి పాఠం ఇదే."

"అబద్ధం కదా?"

"అబద్ధం కాదు సోఫీ. ప్రొడక్షన్."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నోయెల్ బిర్యానీ తినడం మర్చిపోయాడు. చల్లారిపోయిందని ఆమే గుర్తు చేయాల్సి వచ్చింది.

అసలు గొడవ వానాకాలం మొదట్లో వచ్చింది. థియేటర్ పక్క టీ కొట్టు, పైన నీలం పట్టా, పట్టా మీద వాన. ఇద్దరి చేతుల్లో గ్లాసులు.

"మీ నాన్నతోని మాట్లాడుత," అన్నాడు నోయెల్. "మా అమ్మ రోజూ అడుగుతుంది."

"విమానం ఎక్కనని మాటివ్వు. ఇవాళే నాన్నకి నేనే చెప్తాను."

"నా ఉద్యోగమే అది. షూటింగ్ రాజమండ్రిల ఉంటే నడిచిపోవాల్నా?"

"బస్సుంది."

"బ్యాంకాక్‌ల ఉంటే?"

సోఫియా అతని వైపు తిరిగింది. "నువ్వు పైన ఉన్నంతసేపూ నేను కింద చస్తూ ఉండాలి. వారానికి రెండుసార్లు. పెళ్ళయ్యాక ఎన్నేళ్ళు? నా వల్ల కాదు నోయెల్."

"జర ఆలోచించు. రోజూ మెహదీపట్నం ట్రాఫిక్‌ల బండి నడుపుత. దానికి లేని భయం దీనికెందుకు?"

"బండి కింద నేలుంటుంది."

నోయెల్ గ్లాసు కింద పెట్టాడు. "శనివారం నేను వైజాగ్ పోతున్న. మూడింటికి ఫ్లైట్. నీకు ఇష్టం లేకుంటే ఎయిర్‌పోర్ట్‌కు వచ్చి నా మొహం మీద చెప్పు. టికెట్ చింపేసి నీతోని వాపస్ వస్త."

"రాకపోతే?"

"రాకుంటే, మీ బిడ్డ ఉత్త మొండిది, అయినా కావాలని మీ నాన్ననే అడుగుత."

అతను నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు.

"పో," అంది. "ఎక్కితే మళ్ళీ నా దగ్గరికి రాకు."

మన ఇళ్ళలో గడప దాటే మనిషి "పోతున్నా" అనడు. "వస్తా" అంటాడు, "పోయొస్తా" అంటాడు. పంపేవాళ్ళు "వెళ్ళిరా" అంటారు. ఎంత కోపమున్నా నోరు అంతవరకు జాగ్రత్తగానే ఉంటుంది. సోఫియా "పో" అంది. అది చాలదన్నట్టు "రాకు" అని కూడా అంది.

శనివారం వచ్చింది.

సోఫియా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళలేదు. కోపం ఒక కారణం. ఆ గేటంటేనే భయం, అది అసలు కారణం. మధ్యాహ్నం డబ్బింగ్ పెట్టుకుంది. పని ఉంటే మనసు ఊరుకుంటుందనుకుంది, ఊరుకోలేదు. డబ్బింగ్ బూత్‌లోకి ఫోన్ తేకూడదు. తెచ్చి, డైలాగ్ పేపర్ల స్టాండు మీద పెట్టుకుంది. గోడ మీది గడియారం మూడు చూపించినప్పుడు చదువుతున్న డైలాగ్ మధ్యలో ఆపేసింది. 'ఎక్కేశాడు' అనుకుంది.

నాలుగుంపావు అయింది. దిగి ఉంటాడు. బ్యాగు కోసం నిలబడి ఉంటాడు. కోపంతో మెసేజ్ చేయడం లేదు, అంతే. నాలుగున్నరకి తనే ఫోన్ చేసింది. స్విచ్డ్ ఆఫ్.

"అమ్మా సోఫియా," అని గాజు అవతలి నుంచి సౌండ్ ఇంజనీర్ సుబ్రహ్మణ్యం గారి గొంతు వచ్చింది. "ఈ షాట్‌లో అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. ఒకే టేక్‌లో కానిచ్చేద్దాం."

"ఒక్క నిమిషం సార్."

ఆకాశంలో ఏ విమానం ఎక్కడుందో చూపించే యాప్ తెరిచింది. మూడింటికి హైదరాబాద్‌లో లేచిన వైజాగ్ విమానం ఒక్కటే ఉంది. దాని చిన్న పసుపు బొమ్మ సముద్రం అంచున గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. దిగడం లేదు.

"రెడీయా అమ్మా?"

సోఫియా నవ్వింది. పన్నెండేళ్ళ అనుభవం కదా, గొంతు దాని పని అది చేసుకుపోయింది. తెర మీద అమ్మాయి సోఫా మీద దొర్లి దొర్లి నవ్వుతుంటే, చీకటి గదిలో ఈ అమ్మాయి కన్నీళ్ళు కారుతుంటే నవ్వింది.

"బాగుందమ్మా. చివర్లో మాత్రం ఏదో ఏడుపు కలిసింది. అదొక్కటీ మళ్ళీ చేద్దామా?"

ఆమె వినలేదు. ఫోన్ చూస్తోంది. పసుపు బొమ్మ లేదు. యాప్ మూసి తెరిచింది. సముద్రం ఉంది, ఊరు ఉంది, విమానం లేదు.

తలుపు తోసుకుని బయటికి వచ్చి వరండాలో గోడకి ఆనుకుంది. 'రాకు' అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆ మాటే చెవుల్లో మోగుతోంది. సుబ్రహ్మణ్యం గారు మంచినీళ్ళ గ్లాసుతో వెనకాలే వచ్చారు.

"ఏమైందమ్మా?"

"విమానం కనపడటం లేదు సార్."

"ఎవరున్నారు అందులో?"

"మావాడు," అంది సోఫియా. నోయెల్‌ని ఆమె ఎవరి దగ్గరా ఆ మాటతో చెప్పలేదు. ఇప్పుడు అదొక్కటే నోటికి వచ్చింది.

వైజాగ్‌లో ఆమెకి తెలిసిన దారి ఒకటే. తండ్రి బెన్‌హర్‌కి ఫోన్ చేసింది. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లు ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే.

"ఏటమ్మా, గొంతు అలాగుందేటి?"

"నాన్నా, నువ్వు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాలి. ఇప్పుడే. మూడింటి విమానం దిగిందో లేదో చూడాలి."

"ఇక్కడ కుండపోత కదమ్మా. ఎవరొస్తున్నారేటి?"

"నోయెల్ అని." ఆగింది. ఇక దాచి లాభం లేదు. "నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న అబ్బాయి. నీతో మాట్లాడటానికే వస్తున్నాడు. నేను వద్దన్నాను నాన్నా. వద్దని చెప్పి..."

ఏడాదిగా గుండెల్లో దాచుకున్న మాట ఇలా ఏడుస్తూ చెప్పాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

"మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"సరే, అది తర్వాత చూద్దాం. మనిషి ఎలాగుంటాడు?"

"పొడుగ్గా, గడ్డంతో. ఎప్పుడూ చెవి దగ్గర ఫోనుంటుంది."

"గొడుగు ఎక్కడ పెట్టిందో మీ అమ్మ," అంటూ ఆయన ఫోన్ పెట్టేశాడు.

గంట గడిచాక తిరిగి చేశాడు. "అమ్మా, భయపడకు. ఆ మూడింటిది ఇక్కడ వానకి దిగలేక వెనక్కి హైదరాబాద్ వెళ్ళిపోయి దిగిందంట. కౌంటర్లో అడిగాను. అందరూ క్షేమమేనంట."

సోఫియా ఫోన్‌లో చూసింది వైజాగ్ చుట్టుపక్కలే, బొమ్మ అది దాటి వెనక్కి మళ్ళిందన్నమాట. దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. కళ్ళు తుడుచుకుని నోయెల్‌కి ఫోన్ చేసింది.

స్విచ్డ్ ఆఫ్.

వెనక్కొచ్చి దిగితే ఫోన్ ఎందుకు ఆఫ్‌లో ఉంటుంది? నిమిషం ఫోన్ లేకపోతే ఊపిరాడని మనిషి. అందరూ క్షేమమంటే అందులో నోయెల్ ఉన్నాడా? తగ్గిన భయం రెండింతలై తిరిగొచ్చింది. బ్యాగు తీసుకోకుండా, ఫోన్ ఒక్కటే పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తి క్యాబ్ ఎక్కింది.

"ఎక్కడికి మేడం?"

"ఎయిర్‌పోర్ట్."

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. మెహదీపట్నం దగ్గర మళ్ళీ ఆగింది. ఫ్లైఓవర్ ఎక్కాక వాన అద్దాలని కమ్మేసింది. దూరంగా ఒక విమానం దీపాలు కిందికి దిగుతుంటే ఆమె కళ్ళు మూసుకుంది. 'ప్రభువా, వాణ్ణి ఒక్కసారి నేల మీద నిలబెట్టు. నేను మళ్ళీ ఏ షరతూ పెట్టను. నువ్వు వాణ్ణి దింపితే, నేనే ఎక్కుతాను.' ఏం మొక్కుకుంటోందో ఆమెకి సగమే తెలుసు. భయంలో ఉన్న మనిషి చేతిలో ఏదుంటే అది ఇచ్చేస్తానంటుంది.

ఎయిర్‌పోర్ట్ గేటు ముందు క్యాబ్ దిగి, ఎవరిని అడగాలో తెలియక నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నాన్న.

"అమ్మా, మీవాడు దిగాడు."

"ఎక్కడ?"

"ఎక్కడేటి, ఇక్కడే. నా గొడుగు కిందే ఉన్నాడు."

"అదెలా నాన్నా? విమానం వెనక్కొచ్చేసిందన్నావుగా."

"అది మూడింటిది. ఇతను ఎక్కింది నాలుగింటిదంట, అదీ అక్కడ గంట లేటుగా లేచిందంట. ఎలాగూ వచ్చాను కదా, వాన తెరిపిచ్చాక ఇంకోటి దిగుతోందంటే ఆగి చూశాను. గడ్డమున్న ప్రతోణ్ణీ నోయెలేనా బాబూ అని అడిగాను. ఇదిగో, మాట్లాడు."

"సోఫీ," అన్నాడు నోయెల్.

ఆ గొంతు వినగానే ఆమె ఫోన్ చెవికి అదుముకుంది. నోట వచ్చిన మొదటి మాట ఇది: "మూడింటికి అన్నావ్."

అవతల నోయెల్ గొంతు సవరించుకున్నాడు.

"నోయెల్, మూడింటికి ఫ్లైట్ అన్నావ్ నాతో."

"నువ్వు ఆలస్యంగా వస్తవు గదా," అన్నాడు మెల్లగా. "నాలుగు అంటే ఐదింటికి వస్తవు. మూడు అంటే నాలుగు లోపల వస్తవని..."

"హీరోలకి చెప్పినట్టు చెప్పావన్నమాట."

"ఔ. నాలుగు దాకా గేటు బయటనే నిలబడ్డ. వచ్చే ప్రతి కారూ చూసిన. నువ్వు రాలే. ఫోన్ ఆఫ్ చేసి ఎక్కేసిన. దిగి ఆన్ చేసేలోపే మీ నాన్న పట్టుకున్నడు."

తను గడియారం చూస్తూ చచ్చిన గంటే, అతను గేటు దగ్గర ఎదురుచూసిన గంట. తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న తిట్లు ఒక్కటీ రాలేదు.

"నువ్వు పోయావనుకున్నాను," అంది. అని ఏడ్చేసింది. "రాకు అన్నాను కదా, నిజంగా రావనుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం నోయెల్. అది చెప్పకుండా ఏవేవో చెప్పాను."

"ఏడవకు సోఫీ. నువ్వేడ ఉన్నవ్ ఇప్పుడు?"

"ఎయిర్‌పోర్ట్‌లో."

"ఏ ఎయిర్‌పోర్ట్?"

"నువ్వు రమ్మన్న ఎయిర్‌పోర్ట్. కొంచెం లేటయింది."

అతను నవ్వాడో ఏడ్చాడో ఆమెకి తెలియలేదు. "ఆడనే ఉండు. తర్వాతి ఫ్లైట్‌ల వాపస్ వస్త."

"వద్దు. ఇవాళ్టికి నువ్వు ఎక్కింది చాలు. నేనే వస్తాను."

"ట్రైన్‌ల?"

"ఫ్లైట్‌లో. మొక్కుకున్నాను."

ఏడున్నర విమానానికి సీటు దొరికింది, టికెటూ ఆధారూ ఫోన్‌లోనే. తండ్రి ఎన్నింటికి దిగుతావని అడిగాడు. ఎనిమిది నలభైకి దిగుతుంది. సోఫియా నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగింది. "తొమ్మిది నలభైకి నాన్నా. మీరిద్దరూ ఇంటికెళ్ళి, భోంచేసి తీరిగ్గా రండి," అంది. తను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనిపించింది. వాళ్ళు బయల్దేరేసరికి తను నేల మీద ఉంటుంది, ఎవరూ గడియారం చూడక్కర్లేదు. సినిమా ఫీల్డులో ఇన్నేళ్ళుండి ఆమె చేసిన మొదటి ప్రొడక్షన్ ఇదే.

భయం ఏమీ పోలేదు. బెల్టు పెట్టుకునేసరికి అరచేతులు తడిసిపోయాయి. పక్క సీటాయన మాత్రం బెల్టు పెట్టుకుంటూనే గురక మొదలుపెట్టాడు. విమానం పరిగెత్తి లేచినప్పుడు ఆమె ముందు సీటు పట్టుకుని కీర్తన పాడుకుంది, మనసులోనే పాడుతున్నాననుకుంది గానీ పైకే పాడింది. ఇచ్చిన నీళ్ళు తాగింది. సీసాకి మూత పెట్టింది. వైజాగ్ రాలేదు. ఇందులోనూ అబద్ధమే చెప్పాడు. మబ్బుల్లో విమానం ఊగినప్పుడల్లా, ఇందాక అతను కూడా ఇదే ఆకాశంలో ఊగాడు కదా అనుకుంది. అలా అనుకుంటే కొంచెం నయంగా ఉంది. దిగేటప్పుడు కళ్ళు తెరవలేదు. చక్రాలు నేలకి తగిలాక కూడా నమ్మలేక ఇంకాసేపు అలాగే కూర్చుంది.

ఇంకా గంట టైముంది, బయట ఎక్కడైనా టీ తాగుతూ కూర్చోవచ్చు అనుకుంటూ వచ్చింది. అద్దాల తలుపు దాటగానే ఆగిపోయింది.

ఒకే గొడుగు కింద ఇద్దరు మగవాళ్ళు. ఇద్దరికీ చెరో భుజం తడిసి ముద్దయింది.

"తొమ్మిది నలభైకి కదా అన్నాను," అంది సోఫియా.

"ఎప్పుడైతే ఏటమ్మా," అన్నాడు బెన్‌హర్. "నువ్వు ఎక్కుతున్నావన్నాక ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. అప్పట్నుంచీ ఇక్కడే నిలబడ్డాం. ఇతగాడు నన్ను కూర్చోనిస్తేనా? నిమిషానికోసారి లోపలికెళ్ళి అడిగొస్తాడు." కూతురి తల మీద చెయ్యి వేశాడు. మరో చేత్తో గొడుగు నోయెల్‌కి అందించాడు. "పట్టుకో బాబూ. ఇద్దరూ తడవకుండా రండి. మీ అత్తకి చెప్పాల్సింది చాలా ఉంది." ఆటో పిలవడానికి వానలోకి నడిచాడు.

నోయెల్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొడుగు పట్టుకున్న చేత్తో దాన్ని ఆమె వైపే వంచాడు.

"గంటా పది నిమిషాలు చాలా ఎక్కువ సోఫీ," అన్నాడు. "నాకు ఇయ్యాల తెలిసింది."

ఆమె ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. "ఇకనుంచి నాకు నిజం టైమే చెప్పు."

"చెప్త."

"ఎక్కేముందు ఫోన్ చెయ్యి."

"చేసి, పోయొస్త అంట."

"నేను వెళ్ళిరా అంటాను," అంది సోఫియా. ఆటో దగ్గర నిలబడి బెన్‌హర్ పిలుస్తుంటే ఇద్దరూ ఆ గొడుగు కిందే నడిచారు.